సున్నా ఫిర్యాదుల ఆశ్రమం

నీలకంఠాన్ని ఒక అంకె పట్టి పీడిస్తోంది.

పొద్దున్నే గోదావరిలో మునిగి, విభూతి పెట్టుకుని, జపానికి కూర్చుని కళ్ళు మూసుకుంటాడా, రెప్పల వెనక ఆ అంకే కనిపిస్తుంది. "పంటు కబురు" అనే యాప్‌కి వచ్చిన ఫిర్యాదుల పేజీలో, అన్నిటికన్నా పైన, ఎర్రగా ఉంటుందది. ఎప్పుడు చూసినా నిన్నటికంటే కాస్త పెద్దదే. ఒక ఫిర్యాదు తీర్చి మంచినీళ్ళు తాగి వచ్చేసరికి ఇంకో రెండు వచ్చి కూర్చునేవి.

ఆశ్రమానికి యాప్ ఏమిటని అడిగేవాళ్ళుంటారు కాబట్టి ముందు ఆ సంగతి చెప్పాలి.

పెద్దస్వామి కాషాయం కట్టకముందు హైదరాబాదులో ఏదో కంపెనీకి ప్రోగ్రాములు రాసేవారు. ఇక చాలనుకుని గోదావరి ఒడ్డున చిన్న ఆశ్రమం వేసుకున్నారు. ప్రశాంతంగా ఉందామనుకుంటే, ఎదురుగా రేవు. రేవులో ఎండకి మాడుతూ జనం. "పంటు ఎప్పుడొస్తుందండీ?" అని వరసగా ఆశ్రమంలోకి వచ్చి అడిగేవాళ్ళు. పంటు అంటే మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ గేదెల్నీ ఒకేసారి ఏరు దాటించే పెద్ద పడవ. దానికొక వేళంటూ లేదు, నిండినప్పుడు కదులుతుంది. ధ్యానంలోంచి లేచి లేచి విసిగిపోయి స్వామి ఒక యాప్ రాసి పడేశారు. పంటు నడిపే సరంగు బయలుదేరబోయే ముందు తన ఫోనులో ఒక మీట నొక్కుతాడు, అందరి ఫోన్లలోనూ గంట మోగుతుంది. ఇంట్లో ఉన్నవాళ్ళు చెప్పులేసుకుని రేవుకి వచ్చేదాకా పంటు ఆగుతుంది. అంతే.

రాసిన కోడు దాచుకోకుండా, ఎవరైనా చూసుకోండి, వాడుకోండి, తప్పులుంటే దిద్ది పంపండి అని ఇంటర్నెట్లో తెరిచిపెట్టారు. అక్కడ మొదలైంది అసలు సంత. కేరళ కాలువల వాళ్ళు తీసుకున్నారు. బ్రహ్మపుత్ర మీద పడవలు నడిపేవాళ్ళు తీసుకున్నారు. నార్వేలో ఒకాయన, అక్కడా పంటులుంటాయట, తీసుకుని మెరుగులు దిద్ది పంపాడు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు పైసా అడక్కుండా పనిచేసిపెట్టేవారు. ధ్యానానికి అడ్డం రాకూడదని రాసిన యాప్ కాస్తా స్వామికి ధ్యానం కంటే పెద్ద పనైంది. ఆయన మాత్రం ఎప్పుడూ దాన్ని తిట్టుకోలేదు.

కొత్త వెర్షను జనం ఫోన్లకి చేరాలంటే ఒక తాళం పడాలి. ఇనప తాళం కాదు, ఒక చిన్న ఫైలు. అది ఒక పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది, ఆ పెన్‌డ్రైవ్ స్వామి విభూతి సంచిలో ఉంటుంది. ఎవరు ఏం మార్చినా, చివరికి స్వామి దాని బూడిద దులిపి కంప్యూటరుకి పెడితేనే లోకానికి చేరేది. ఆ తాళం ఎవరి దగ్గరుంటే యాప్ బాధ్యత వాళ్ళది.

ఇప్పుడు స్వామి చూపు మందగిస్తోంది. వచ్చే ఆదివారం పనిచేసేవాళ్ళందరూ కలిసే సమావేశంలో తాళం అప్పగించేస్తానన్నారు. ఎవరికో చెప్పలేదు.

అందరూ నీలకంఠానికే అనుకున్నారు. అందరికంటే ముందు నీలకంఠం అనుకున్నాడు. బెంగళూరు ఉద్యోగం మానేసి వచ్చి రెండేళ్ళుగా ఆ కోడుతోనే కాపురం చేస్తున్నాడు. గురుపూర్ణిమనాడు స్వామి కాళ్ళకి మొక్కి, తాళం నాకు ఇప్పించండి అని అడిగాడు కూడా. ఆశ్రమంలో ఏదైనా ఒక్కసారే అడగాలి, ఆ తర్వాత నోరు మూసుకుని ఎదురుచూడాలి. అది పద్ధతి. స్వామి అప్పుడు "చూద్దాం" అన్నారు. నీలకంఠం మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

కాని ఆ ఎర్ర అంకె ఉందే. సమావేశంలో పెద్ద తెర మీద, నార్వే ఆయన ముందు, అస్సాం వాళ్ళ ముందు అది కనబడితే పరువేం కావాలి?

ఆ ఫిర్యాదులైనా ఒక తీరుగా ఉంటేనా. నార్వే నుంచి వచ్చేది కోర్టు తీర్పులా ఉండేది. ఏ ఫోను, ఏ వెర్షను, ఏది నొక్కితే ఏమైంది, అన్నీ వరసలో. మన రేవుల నుంచి వచ్చేవి "పని సెయ్యట్లేదు" అని ఒక్క ముక్క. ఏది చెయ్యట్లేదో రాయరు. పంటులో పక్కనున్న గేదె తోకతో కొట్టిందని ఒకాయన రాశాడు. యాప్ బాగానే ఉందిగాని ఆశ్రమం పులిహోరలో ఇంగువ తగ్గిందని ఒకావిడ రాసింది. నీలకంఠం అందరికీ ఒకటే జవాబు పెట్టేవాడు. "మీ సమస్య పరిశీలనలో ఉంది. దయచేసి వేచి ఉండండి." పెట్టి, కోడు రాసుకోవడానికి వెళ్ళిపోయేవాడు. కోడు రాయడంలో మాత్రం అతనికి తిరుగులేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

చివరికి కోడుతోనే విరుగుడు కనిపెట్టాడు. ఒక చిన్న బాట్ రాశాడు, అంటే మనిషి అక్కర్లేకుండా తన పని తాను చేసుకుపోయే ప్రోగ్రాము. అది ఫిర్యాదులన్నీ తిరగేస్తుంది. ఫిర్యాదు చేసిన మనిషి కొన్నాళ్ళుగా మళ్ళీ ఏమీ రాయకపోతే ఇలా జవాబిస్తుంది: "మీ నుంచి కొంతకాలంగా ఎటువంటి కదలికా లేనందున, మీ సమస్య తీరిపోయిందని భావిస్తూ దీనిని మూసివేస్తున్నాము. మీ సహకారానికి ధన్యవాదాలు." ఇచ్చి, మూసేస్తుంది.

రాత్రి దాన్ని వదిలి పడుకున్నాడు. తెల్లారి చూస్తే ఎర్ర అంకె లేదు. దాని చోట పచ్చటి సున్నా.

ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని స్వామి దగ్గరికి పరిగెత్తాడు. స్వామి అరుగు మీద కూర్చుని మధ్యాహ్నం కూరకి చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. తెరకి మొహం ఆనించి ఆ సున్నాని చాలాసేపు చూశారు.

"అన్నీ తీర్చేశావా?"

తీర్చడం కాదు, మూయడం అని నీలకంఠం వివరించాడు. బాధ ఉన్నవాడు ఊరుకోడు స్వామీ, ఊరుకున్నాడంటే బాధ లేనట్టే గదా అన్నాడు. బాట్ పెట్టే సందేశం కూడా చదివి వినిపించాడు. స్వామి మళ్ళీ ఒకసారి చదివించుకున్నారు. భాష బాగా కుదిరిందని మెచ్చుకున్నారు. ఇంత మంచి పద్ధతి ఒక్క యాప్‌కేనా, ఆశ్రమంలో కూడా పెడదామన్నారు. నీలకంఠం ఉబ్బిపోయాడు.

"ముందు ఒక్క చోట పెట్టి చూద్దాం," అన్నారు స్వామి, ఇంకో చిక్కుడుకాయ తీసుకుంటూ. "కొత్త మార్పు ఏదైనా అలాగే చెయ్యాలని నువ్వే అంటావుగా."

మధ్యాహ్నం భోజనాల గంట కొట్టారు. ఆ ఆశ్రమంలో తినేటప్పుడు మౌనం. చాలంటే చెయ్యి అడ్డం పెట్టొచ్చుగాని కావాలని అడగకూడదు. వడ్డించేవాడే వంగి విస్తరి చూసి, ఎవరికేం కావాలో తెలుసుకుని వెయ్యాలి. అందుకే అక్కడ వడ్డన వంటకంటే కష్టం. గవర్రాజు అనే ఆయన ఏళ్ళ తరబడి ఆ పని చేస్తున్నాడు.

నీలకంఠం విస్తరిలో ముందుగా కొంచెం ఉప్పు, ఆవకాయ పడ్డాయి. అన్నం బేసిను పక్కాయన దాకా వచ్చి, అతన్ని దాటి అవతలాయన దగ్గరికి వెళ్ళిపోయింది. పప్పు కూడా అలాగే వెళ్ళింది. చిక్కుడుకాయ కూరా అంతే. నీలకంఠం చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎదురు గోడ చూస్తూ, తన ఓర్పుకి తనే లోలోపల మురిసిపోతూ కూర్చున్నాడు. ముక్కల పులుసు వాసన మొహం మీదుగా పోయింది.

అప్పుడు గవర్రాజు ఉత్త చేతులతో వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. గొంతు సవరించుకుని, బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు మొదలెట్టాడు.

"మీ నుంచి కొంతకాలంగా ఎటువంటి కదలికా లేనందున, మీ ఆకలి తీరిపోయిందని భావిస్తూ ఈ విస్తరిని మూసివేస్తున్నాము. మీ సహకారానికి ధన్యవాదాలు."

ఉప్పూ ఆవకాయతో సహా విస్తరి మడిచి పట్టుకుపోయాడు.

నోరు తెరవడానికి లేదు. పంక్తిలో ముప్పాతికమందికి పొలమారింది. నీలకంఠం మాత్రం అందరూ తిని లేచేదాకా ఉత్త నేల ముందు కూర్చోవలసి వచ్చింది, మధ్యలో లేవకూడదన్నది ఇంకో పద్ధతి.

బయటికి వస్తూనే స్వామిని పట్టుకున్నాడు. స్వామి చాలా సంతోషంగా ఉన్నారు.

"ఇవాళ మన భోజనశాలలో ఆకలి సున్నా నాయనా," అన్నారు.

నీలకంఠానికి చిర్రెత్తుకొచ్చింది. పద్ధతి ప్రకారం నోరు మూసుకుంటే అన్నం లేదంటారా అని అడిగాడు. స్వామి ఏదో జ్ఞాపకం వచ్చినట్టు ఆగి, మంచిపని గుర్తుచేశావన్నారు.

"తాళం కావాలని గురుపూర్ణిమనాడు అడిగావు. మళ్ళీ మాట్లాడలేదు. అక్కర్లేదు కాబోలని దాన్ని ఇందాకే మూసేశాను."

నీలకంఠం, పద్ధతి అని ఊరుకున్నాను స్వామీ అన్నాడు. ఆ గొంతులో ఏడుపు జీర ఉంది, ముప్పై ఏళ్ళవాడు.

"ఊరుకున్నావో, వద్దనుకున్నావో వచ్చి అడగాల్సింది నేనే," అన్నారు స్వామి. "కాని నీలాగే నేనూ ఆ పని ఒక బాట్‌కి వదిలేశాను." విస్తళ్ళు ఎత్తుతున్న గవర్రాజు వైపు చూపించి, లోపలికి వెళ్ళి పడుకున్నారు.

తన కుటీరం మెట్టు మీద నీలకంఠం మొహం గంటు పెట్టుకుని కూర్చుంటే, గవర్రాజు ఒక పళ్ళెం తెచ్చి పక్కన పెట్టాడు. చెప్పమని స్వామోరు చెప్పారు చెప్పేను, తినమని నేను చెప్తన్నాను అన్నాడు. కోపం పాటికి కోపం ఉండగానే నీలకంఠం పులుసు రెండుసార్లు పోయించుకున్నాడు.

కడుపు నిండాక కూడా పంతం తగ్గలేదు. మనుషులకి నిజంగానే బాధ తీరిపోయిందని స్వామికి చూపించి తీరాలనుకున్నాడు. మూసిన ఫిర్యాదులన్నీ మళ్ళీ తెరిచి, "మీ సమస్య ఇంకా ఉందా?" అని అందరికీ ఒక ముక్క రాశాడు. ఎవరూ పలకరని అతని ధీమా.

సాయంత్రానికి జవాబులు ముసురుకున్నాయి. నార్వే ఆయన తీర్పు లాంటిదే ఇంకొకటి రాశాడు, ఈసారి అనుబంధాలతో. కేరళ నుంచి ఒకామె, తప్పు తనే దిద్ది పంపిందట, ఆ దిద్దుబాటుని కూడా బాట్ మూసేసిందట, ఇక ఈ జన్మలో మీకు పని చెయ్యనని రాసింది. నీలకంఠానికి ఆ కోడు ఇప్పుడు చూస్తే తను రాసినదానికంటే బాగుంది. గేదె తోక ఆయన, అవునండి ఇంకా కొడుతోందని రాశాడు.

అన్నిటికన్నా చివర కనకరత్నం అనే ఆవిడ నుంచి ఒక వాయిస్ మెసేజి వచ్చింది. ఆవిడది ఎదుటి లంక, ఏటి మధ్య మేట మీద ఊరు. దొండకాయలు పండించి తట్టలో పెట్టుకుని, పొద్దుటి పంటు మీద ఇవతలి బజారుకి తెచ్చుకుంటుంది. పంటు వెళ్ళిపోయాకగాని తన ఫోనులో గంట మోగట్లేదని వానాకాలం ముందెప్పుడో చెప్పింది. నీలకంఠం అలవాటు ప్రకారం వేచి ఉండమన్నాడు.

ఇప్పుడు ఆవిడ గొంతులో కోపం లేదు, నిష్ఠూరం కూడా లేదు. వెనకాల కోళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

"ఆగమన్నారు గదా బాబూ. ఆగేనండి. పంటే ఆగలేదు."

నీలకంఠం దాన్ని మళ్ళీ విన్నాడు. ఇంకోసారి విన్నాడు. ఇన్నాళ్ళూ ఎన్ని పొద్దులు ఆవిడ తట్ట నెత్తిన పెట్టుకుని ఖాళీ రేవు చూసి వెనక్కి పోయిందో, తను చెప్పిన ఒక్క మాట పట్టుకుని. బాట్‌ని ఆ క్షణమే చెరిపేశాడు. సున్నా పోయి ఎర్ర అంకె వచ్చేసింది, ఇదివరకటికంటే లావుగా. దాన్ని చూసి కంగారు పడే తీరిక అతనికి లేకపోయింది.

కనకరత్నం చెప్పిన తేడా తన ఫోనులోనూ వస్తుందేమో చూశాడు. గంట ఠంచనుగా మోగింది. అరువు తెచ్చిన ఇంకో ఫోనులోనూ మోగింది. ఆవిడ ఫోను చూస్తేగాని లాభం లేదు. ఆదివారం పొద్దున్న పంటెక్కి లంకకి వెళ్ళాడు. సమావేశం మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఈలోగా వచ్చేయొచ్చు. తాళం తనకి రాదని దాదాపు తెలిసిపోయినా, అదేమిటో, ఆశ మాత్రం చావలేదు. స్వామి మూసింది మళ్ళీ తెరవకపోతారా అని లోపల పీకుతూనే ఉంది.

కనకరత్నానికి అరవై దగ్గర. ఫిర్యాదు చేస్తే మనిషే వచ్చేశాడని హడలిపోయింది. కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, నేనేదో మాటవరసకి చెప్పేను బాబూ, మీకు శ్రమ అంది. ఆ మాటకి నీలకంఠం తలెత్తలేకపోయాడు. ఆవిడ ఫోను తడవకుండా పాలిథిన్ సంచిలో చుట్టి, దొండపాదు పందిరి గుంజకి వేలాడదీసి ఉంది. విప్పి అరుగు మీద పెట్టింది.

సెట్టింగులన్నీ వెతగ్గా వెతగ్గా ఒక మూల సన్నటి అక్షరాల్లో కనబడింది. ఛార్జింగు ఆదా చెయ్యడానికి ఆ ఫోను ఒక ఏర్పాటు చేసుకుంది. "ఈ యాప్‌లో కొంతకాలంగా కదలిక లేనందున దీనిని నిద్రపుచ్చాము."

నీలకంఠం దాన్ని చదివి ఒక్కసారిగా నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నాడో ఆవిడకి తెలియలేదుగాని, అతిథి నవ్వాడు కదాని తనూ నవ్వింది.

ఆ ఏర్పాటు తీసేస్తే ఈ ఒక్క ఫోనూ బాగుపడుతుంది. ఇలాంటి ఫోన్లు ఈ ఏటి వెంబడి ఎన్ని ఉన్నాయో. యాప్‌లోనే దిద్దాలంటే, గంట ఎంత ఆలస్యంగా మోగుతోందో, అసలెప్పుడు మోగుతోందో కళ్ళారా చూడాలి. చూడాలంటే ఫోను ముట్టుకోకూడదు, ముట్టుకుంటే లేచిపోతుంది. దాన్ని అరుగు మీద వదిలేసి, దాని ఎదురుగా నీలకంఠం బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

ఎండ నడినెత్తికి వస్తుండగా అతని జేబులో గంట మోగింది. సరంగు మీట నొక్కాడన్నమాట. అరుగు మీది ఫోను ఉలకలేదు, పలకలేదు.

"బాబూ, మీది మోగింది. ఎల్లండి, మీటింగన్నారు గదా," అంది కనకరత్నం. ఇది పోతే మళ్ళీ సాయంత్రం దాకా పంటు లేదని కూడా చెప్పింది.

నీలకంఠం లేవబోయాడు. సగం లేచాడు కూడా. అరుగు మీది నల్లటి తెర వంక చూసి మళ్ళీ కూర్చున్నాడు.

ఆవిడ పంటు కేసీ, అతని కేసీ మార్చి మార్చి చూసింది. చెయ్యి పట్టుకుని లేపుదామా అన్నట్టు దగ్గరికొచ్చి, బాగుండదని ఆగిపోయింది. పంటు ఇంజను మొదలైంది. ఆ చప్పుడు దగ్గరగా ఉండి, తర్వాత దూరమైంది. నీలకంఠం రెప్ప వెయ్యలేదు. ఆశ్రమంలో ఇన్నాళ్ళు చేసిన జపాల్లో ఒక్కనాడూ అతనికి అంత ఏకాగ్రత కుదరలేదు.

పంటు నడిమి ఏట్లోకి వెళ్ళాక, అరుగు మీది ఫోను ఒళ్ళు విరుచుకున్నట్టు వెలిగి, గణగణ మోగింది.

"అదేనండి బాబూ," అంది కనకరత్నం, తన మాట నిజమైనందుకు తృప్తిగా. "రోజూ ఇంతే."

నీలకంఠం పక్కనే బొగ్గు ముక్క దొరికితే దాంతో అరుగు మీద ఏదో రాసుకుంటూ ఉండగా, తన ఫోను మోగింది. అవతల పెద్దస్వామి. వెనక చాలామంది గొంతులు. అక్కడి పెద్ద తెర మీంచి కాబోలు, నార్వే ఆయన ఎవరితోనో హలో హలో అంటున్నాడు.

"ఎక్కడున్నావు నాయనా? అందరూ వచ్చేశారు."

"లంకలో ఉన్నాను స్వామీ. పంటు వెళ్ళిపోయింది."

"గంట మోగలేదా?"

"నాది మోగింది స్వామీ. కనకరత్నంగారిది ఎప్పుడు మోగుతుందో చూద్దామని ఉండిపోయాను."

అవతల గొంతులు ఒక్కొక్కటే ఆగాయి.

"మోగిందా?"

"మోగింది. పంటు నడిమి ఏట్లోకి వెళ్ళాక. ఎందుకో దొరికింది స్వామీ, దిద్దడానికి మాత్రం రెండు మూడు రోజులు పడుతుంది. తాళం ఎవరికిచ్చినా, ఇది కొంచెం త్వరగా పంపమని వాళ్ళకి చెప్పండి."

స్వామి ఫోను దూరంగా జరిపినట్టున్నారు, ఆయన గొంతు ఇప్పుడు గదిలోని వాళ్ళతో మాట్లాడుతూ వినిపించింది.

"విన్నారుగా. తాళం ఈయనకే. ఇకమీదట మీ ఫిర్యాదులేవైనా ఉంటే ఈయనకి చెప్పుకోండి."